పాత బోర్డులో కొత్త ప్రాసెసర్ పనిచేస్తుందా?

ప్రశ్న: మా ఇంట్లో ఇంటెల్ ఐ5-6500 ప్రాసెసర్, హెచ్110 మదర్‌బోర్డు, ఒకే స్టిక్‌గా 8 జీబీ డీడీఆర్4 ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్ ఉన్న డెస్క్‌టాప్ ఉంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఆన్ చేశాక పని మొదలుపెట్టడానికి చాలాసేపు ఆగవలసి వస్తోంది. పిల్లల చదువు, ఇంటి లెక్కలు, ఫొటోలు, అప్పుడప్పుడు వీడియో ఎడిటింగ్ మా అవసరాలు. విండోస్ 11 ఈ కంప్యూటర్‌లో పనిచేయదని సందేశం కూడా వస్తోంది. ప్రాసెసర్ ఒక్కటి మార్పిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: సరిపోదండీ. హెచ్110 బోర్డు ఆరో, ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్లతో మాత్రమే పనిచేస్తుంది. ఎనిమిదో తరం ప్రాసెసర్ కూడా బోర్డు మీది 1151 సాకెట్‌లో (ప్రాసెసర్‌ను అమర్చే గూడు) చక్కగా కూర్చుంటుంది గానీ కంప్యూటర్ ఆన్ కాదు. సాకెట్ పేరు ఒకటే కదా అని కొని నష్టపోయేవారు ఇప్పటికీ ఉన్నారు. కాబట్టి మీ బోర్డులో పెట్టగలిగిన వాటిలో మెరుగైనవి ఐ7-7700 వంటి ఏడో తరం ప్రాసెసర్లే. అవి కూడా విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ అంగీకరించే ప్రాసెసర్ల జాబితాలో లేవు కనుక, డబ్బు ఖర్చయ్యాక కూడా మీకు అదే సందేశం కనిపిస్తుంది.

అంతకంటే ముందు, ఈ ఆలస్యానికి కారణం ప్రాసెసరేనా అన్నది తేల్చుకోవాలి. కంప్యూటర్ మొరాయిస్తున్న సమయంలోనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో సీపీయూ అంకె తక్కువగా ఉండి, డిస్క్ అంకె 100 శాతం దగ్గరే నిలిచిపోతే దోషం హార్డ్ డిస్క్‌ది. మీరు చెప్పిన లక్షణాలను బట్టి అదే కనిపిస్తుందని నా అంచనా. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్క్ ఒక చుట్టు పూర్తి చేయడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. చదివే ముల్లు ఒక చోటి నుంచి మరో చోటికి జరగడానికి పట్టే సమయం దీనికి అదనం. విండోస్ మొదలయ్యేటప్పుడు డిస్క్ మీద చెల్లాచెదురుగా ఉన్న వేలాది చిన్న ఫైళ్లను చదవాలి కాబట్టి, అటువంటి డిస్క్ సెకనుకు వంద చోట్లను చదవడమే గగనమవుతుంది. తిరిగే భాగాలేవీ లేకుండా చిప్‌లలో సమాచారం దాచే సాధారణ ఎస్‌ఎస్‌డీ అదే సెకనులో వేలకొద్దీ చోట్లను చదవగలదు. ఈ తేడాను ఎంత వేగవంతమైన ప్రాసెసరూ పూడ్చలేదు.

అందువల్ల మొదట సాటా రకం (హార్డ్ డిస్క్ మాదిరిగానే కేబుల్‌తో తగిలించే) ఎస్‌ఎస్‌డీ పెట్టించి, విండోస్‌ను దానిలోకి మార్పించండి. రేపు బోర్డు మార్చినా అది కొత్త దానిలో పనికొస్తుంది. ర్యామ్‌కు మరో 8 జీబీ డీడీఆర్4 స్టిక్ జోడిస్తే మొత్తం 16 జీబీ కావడమే కాక, రెండు స్టిక్‌లు జంటగా పనిచేయడం వల్ల ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు కూడా మేలు జరుగుతుంది.

అయితే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. డబ్బు లావాదేవీలు జరిపే కంప్యూటర్‌ను భద్రతా అప్‌డేట్లు లేకుండా నడపడం నాకు సమ్మతం కాదు. కనుక ఎప్పుడో ఒకప్పుడు బోర్డు, ప్రాసెసర్ కలిపి మార్చక తప్పదు. అప్పుడు మీ ముందు రెండు దారులుంటాయి. ఐ5-12400 ప్రాసెసర్‌ను డీడీఆర్4 రకం బోర్డుతో తీసుకుంటే ఇప్పుడు కొన్న ర్యామ్ వృథా కాదు. ఆ ప్రాసెసర్ కూర్చునే ఎల్‌జీఏ1700 సాకెట్ బోర్డులు డీడీఆర్4, డీడీఆర్5 రెండు రకాలుగానూ వస్తాయి కాబట్టి పెట్టె మీద ఏది రాసి ఉందో చూసి తీసుకోండి. ఒకదాని ర్యామ్ మరొకదానిలో దిగదు. ఏఎండీ రైజెన్ 5 7600 అయితే ఏఎం5 సాకెట్‌లో కూర్చుంటుంది, దానికి డీడీఆర్5 తప్పనిసరి. కొన్నేళ్ల తర్వాత అదే బోర్డులో ఇంకా మంచి ప్రాసెసర్ పెట్టుకునే వీలు ఈ దారిలో ఎక్కువ, ఎందుకంటే ఎల్‌జీఏ1700 ప్రస్థానం 14వ తరంతో ముగిసి, ఇంటెల్ తర్వాతి డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు వేరే సాకెట్ వచ్చింది. ఈ రెండు ప్రాసెసర్లలోనూ 6 కోర్లు (పనిచేసే విభాగాలు), 12 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు) ఉన్నాయి. మీ పనులకు అంతకు మించి అక్కర లేదు. ఉన్న ర్యామ్ పనికొస్తుంది కాబట్టి మీకు మొదటి దారినే సూచిస్తాను.

ఒక్క అక్షరం విషయంలో మాత్రం జాగ్రత్త వహించండి. 12400ఎఫ్ అని ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, గ్రాఫిక్స్ కార్డు లేని మీ కంప్యూటర్‌లో తెర వెలగదు. పాత పవర్ సప్లైని కూడా కొనసాగించవద్దు. ఏళ్ల తరబడి వేడికి పనిచేసిన ఆ భాగం పాడైతే తనతోపాటు కొత్త బోర్డునూ దెబ్బతీయవచ్చు.

ప్రశ్న: బీ450 బోర్డులో రైజెన్ 3 2200జీ తీసేసి రైజెన్ 5 5600 పెట్టాను. ఫ్యాన్ తిరుగుతోంది, తెర మాత్రం నల్లగానే ఉంది. ప్రాసెసర్ చెడిపోయిందా?
– ఒక విద్యార్థి

జవాబు: బహుశా చెడిపోలేదు. మీ పాత ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంది, 5600లో లేదు. మానిటర్ కేబుల్‌ను బోర్డుకే తగిలించి ఉంటే బొమ్మ రాదు. గ్రాఫిక్స్ కార్డు కావాలి, లేదా దుకాణం ఒప్పుకుంటే 5600జీ కి మార్చుకోవాలి. గ్రాఫిక్స్ కార్డు ఉన్నా బొమ్మ రాకపోతే బయోస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే, బోర్డులోని సాఫ్ట్‌వేర్) పాతదై ఉండవచ్చు. బీ450 బోర్డులు 2018లో వచ్చాయి, 5600 వచ్చింది 2022లో. పాత ప్రాసెసర్‌ను తిరిగి పెట్టి, బోర్డు తయారీదారు వెబ్‌సైట్ నుంచి బయోస్ అప్‌డేట్ చేసి మళ్లీ ప్రయత్నించండి.

ఈ మార్పిడిలో కూలర్‌ను నేరుగా పైకి లాగవద్దు. మీ బోర్డులోని ఏఎం4 సాకెట్ రకంలో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య వేడిని చేరవేయడానికి పూసే థర్మల్ పేస్ట్ ఎండి అతుక్కుపోతే కూలర్‌తోపాటు ప్రాసెసర్ కూడా ఊడివచ్చి పిన్నులు వంగుతాయి. పాత ప్రాసెసర్‌తో కాసేపు కంప్యూటర్ నడిపి, ఆపి, ప్లగ్ తీసేశాక, పేస్ట్ వెచ్చగా ఉండగానే కూలర్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పి వదులు చేసి తీయండి.