ప్యారిస్ గౌనుకు అంత రేటెందుకు?

ప్రశ్న: ప్యారిస్ ‘ఓత్ కుత్యూర్’ (కొలతలిచ్చి చేత్తో కుట్టించుకునే ఖరీదైన ఫ్యాషన్) గౌను ఒక్కోటి లక్షల్లో ఉంటుందట. మా వీధి టైలర్ కూడా కొలతలు తీసుకునే కుడతాడు కదండీ! ఏమిటంత గొప్ప?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: కొలతలు ఇద్దరివీ ఒకటే లెండి. కానీ అక్కడ ‘ఓత్ కుత్యూర్’ అన్న పేరు ఎవరు పడితే వాళ్లు పెట్టుకోవడానికి లేదు. 1945 నుంచి దానికి చట్టం కాపలా ఉంది. ప్యారిస్‌లో సొంత వర్క్‌షాప్ ఉండాలి, ఏటా జనవరిలో, జులైలో కొత్త డిజైన్లు చూపించాలి.

తమాషా ఏమిటంటే, ఈ ఫ్రెంచి వైభవానికి పునాది వేసింది ఇంగ్లండ్‌లో పుట్టిన చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్. 1858లో ప్యారిస్‌లో షాపు తెరిచాడు. డిజైన్లు తనే తయారుచేసి, అమ్మాయిలకు తొడిగి చూపించి, లోపల తన పేరున్న లేబుల్ కుట్టాడు. ఫ్రాన్స్ మహారాణి యుజెనీ అంతటావిడ కుట్టించుకున్నాక ఇక అడగాలా!

డబ్బంతా చేతిపనికే. ముందు మామూలు కాటన్‌తో నమూనా కుట్టి, ఒంటిమీదే పిన్నులు పెట్టి సరిచేస్తారు. ఆ తర్వాతే ఖరీదైన బట్టకు కత్తెర. 1924 నాటి లెసాజ్ ఎంబ్రాయిడరీ సంస్థలో బట్టను ఫ్రేముకు బిగించి, సన్నని కొక్కెం సూదితో పూసలు ఎక్కిస్తారు. మన మగ్గం వర్క్‌వాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. కాకపోతే అక్కడ బట్టను తిరగేసి కుడతారు, పూసలు అడుగువైపు పడతాయి. పూసలు కళ్లకు కనపడకపోయినా వరస తప్పకపోవడం, అదీ పనితనం!

ఇంతా చేసి ఈ గౌన్లు కొనేవాళ్లు చాలా కొద్దిమంది. పెద్ద బ్రాండ్లకు డబ్బులొచ్చేది ఎక్కువగా సెంట్లు, హ్యాండ్‌బ్యాగుల మీదే.