పెరటి ఇల్లు: దస్తావేజులో ఉన్న కథ

చిరంజీవికి ఆశీస్సులు.

కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో పెరటి ఇళ్లను విడిగా అమ్ముకోనివ్వడం గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. మంచి విషయం పట్టుకున్నావు. సిలికాన్ వ్యాలీలో మనవాళ్లు ఎందరో ఏళ్ల తరబడి అద్దె ఇళ్లలోనే ఉంటున్నారు, వాళ్లు ఆసక్తిగా చదువుతారు. అయితే మొదటి మూడు పేరాలూ 'సొంతింటి కల' చుట్టూనే తిరిగాయి. ఆ మాటను రియల్ ఎస్టేట్ ప్రకటనలకు వదిలేసి నేరుగా చట్టంలోకి రా.

'కాలిఫోర్నియా అంతటా అమలులోకి వచ్చింది' అని రాశావు. రాలేదు. అక్కడ పెరట్లో కట్టిన చిన్న ఇంటిని అద్దెకిచ్చుకోవచ్చు గానీ, పెద్ద ఇంటి నుంచి విడదీసి అమ్మడానికి వీలుండేది కాదు. లాభాపేక్ష లేని సంస్థలు కట్టినవాటికే కొంత మినహాయింపు. 2023లో చేసిన ఏబీ 1033 అనే రాష్ట్ర చట్టం ఆ అడ్డు తొలగించింది కానీ, అనుమతించాలా వద్దా అన్నది ఏ నగరానికి ఆ నగరం తేల్చుకోవాలి. 2024లో శాన్ హోసే అందరికంటే ముందు సరేనంది. అదే 2023లో వాషింగ్టన్ రాష్ట్రం చేసిన చట్టం మాత్రం నగరాలకు కాదనే వీలు లేకుండా చేసింది. ఈ తేడా ఒక్క వాక్యంలో చెబితే చాలు.

'కాండోమినియం' అని రాసి దాటేశావు. పాఠకుడు చేజారేది అక్కడే. హైదరాబాదులోనో విజయవాడలోనో ఫ్లాటు కొన్నవాళ్లకు దస్తావేజులోని 'అవిభాజ్య వాటా' ఏమిటో తెలుసు, అక్కడి నుంచి మొదలుపెట్టు. కాండోమినియంలోనూ అంతే, గోడల మధ్య జాగా ఎవరిది వారిది, కింది నేల సాధారణంగా ఉమ్మడిది. కాకపోతే మన అపార్టుమెంటు సంఘంలో పదుల కుటుంబాలుంటాయి, ఇక్కడ ఉండేది రెండే. మురుగు గొట్టం పూడుకుపోతే, కారు వచ్చే దారి బీటలు వారితే, ఉమ్మడి కంచె ఒరిగిపోతే ఖర్చు ఎవరు ఎంత పెట్టుకోవాలో ముందే రాసుకోవాలి. ఇద్దరికీ చెరో ఓటు ఉండి, ఇద్దరూ పట్టుబడితే తగవు తీర్చేదెవరు? నీ వ్యాసంలో అసలు కథ ఇది. నువ్వు దీన్ని తాకనే లేదు.

ఇక బ్యాంకు సంగతి. ఒక్క ముక్కలో తేల్చేశావు, నాకైతే సగం వ్యాసం అదే కావాలి. స్థలం మొత్తం మీద అప్పిచ్చిన బ్యాంకు ఒప్పుకోకపోతే విభజన పత్రం నమోదే కాదు. ఒప్పుకొని తీరాలని చట్టం కూడా అనలేదు. తాకట్టులోంచి ఒక ముక్క తీసి ఇంకొకరికి ఇమ్మంటే ఏ షావుకారు నవ్వుతూ సంతకం పెడతాడు? పోనీ, పాత అప్పు తీర్చేసి కొత్తది తీసుకుందామంటే, 2021లో మూడు శాతం వడ్డీకి తెచ్చుకున్నవాడు ఆరేడు శాతానికి ఎందుకు మారతాడు? నగర సభ ఉత్సాహంగా ఆమోదించిన నిబంధన కాగితం మీదే ఆగిపోవడానికి ఇదొక్కటి చాలు.

'సామాన్యులకు వరం' అన్నావు. ఎవరికి అమ్మాలి, ఎంతకు అమ్మాలి అన్న షరతు ఏబీ 1033లో లేదు. మామూలు ఇల్లే పది లక్షల డాలర్లు దాటిన ఊళ్లో పెరటి ఇల్లు అంతకంటే చవకగా దొరకవచ్చు. ఆ ధర బడి పంతులు జీతానికి అందుతుందా? ముందు కట్టాల్సిన సొమ్ము, నెల వాయిదా, ఆస్తి పన్ను, బీమా, సంఘం రుసుము, అన్నీ లెక్కగట్టి చూపించు. నన్నడిగితే మొదటి మేలు అమ్మేవాళ్లకే. పిల్లలు ఎగిరిపోయిన పెద్ద ఇంట్లో మిగిలిన వృద్ధ దంపతులు గడప దాటకుండానే పెరటి విలువ చేతికి తెచ్చుకోవచ్చు. నేను దాన్ని తప్పుపట్టడం లేదు, కానీ వాళ్లు నీ వ్యాసంలో కనబడాలి కదా.

తిరగరాసే ముందు అలాంటి పెరడు ఒకటి వెళ్లి చూడు. నీటి మీటరు ఒకటా రెండా, వెనకింటివాళ్లు ఏ దారిన నడుస్తున్నారు, చెత్త డబ్బాలు ఎవరి కిటికీ కింద ఉన్నాయి, అన్నీ రాసుకో. తర్వాత ఇలాంటి పత్రాలు తయారుచేసే న్యాయవాదిని కలిసి నమూనా అడుగు. దొరికితే నాకూ ఒక ప్రతి పంపు. ఆ రెండు ఓట్ల చిక్కుముడిని ఏ వాక్యంతో విప్పారో చూడాలని ఉంది.