కుక్కతో సూర్యలంకకి: కారా, రైలా?

మీ లాబ్రడార్ కారెక్కితే వాంతి చేసుకుంటుందని రైలు సంగతి అడిగారు కదా అన్నా. ఏసీ ఫస్ట్ క్లాసులో కూపే (ఇద్దరి గది) గానీ క్యాబిన్ (నలుగురి గది) గానీ మొత్తం మీకే దొరికితేనే పక్కన ఉంచుకోనిస్తారు. లేదంటే బ్రేక్ వ్యాన్‌లో, అంటే గార్డు, సామాన్లు ఉండే పెట్టెలో, బోనే. మా కుక్క రాజుగాణ్ణి అలా పంపే ధైర్యం నాకైతే లేదు. కారే మేలు. బయల్దేరే ముందు నాలుగైదు గంటలు తిండి పెట్టకండి, నీళ్లు మాత్రం ఇవ్వండి. తెల్లారకముందే హైదరాబాద్ దాటేసి, నార్కట్‌పల్లి దగ్గర అద్దంకి రోడ్డెక్కి, మిర్యాలగూడ, పిడుగురాళ్ల మీదుగా బాపట్ల, అక్కణ్ణుంచి సూర్యలంక బీచ్. రెండు గంటలకోసారి దింపి కాస్త తిప్పండి. అక్కడ సముద్రపు నీళ్లు తాగనివ్వొద్దు. మావాడు తాగేసి రాత్రంతా విరేచనాలు, నాకు జాగారం! ఆదివారం వద్దు, జనం జాతరలా ఉంటారు. రూము బుక్ చేసేముందే కుక్క ఉందని ఫోన్లో చెప్పండి.