రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి.. డెంటల్ క్లినిక్‌లో నిలబడగలనా?

ప్రశ్న: నాకు 18 ఏళ్లు. గాజువాకలో ఉంటాం. ఇంటర్ బైపీసీ అయ్యింది, నీట్ రాశాను. బీడీఎస్‌లో చేరాలా వద్దా తేల్చుకునే ముందు పని ఎలా ఉంటుందో చూద్దామనుకుంటున్నాను. ఎంవీపీ కాలనీలో తెలిసిన డెంటిస్టు వారం రోజులు పక్కనుండి చూసుకోమన్నారు. వెళ్లడానికి ఇంకా మూడు వారాలుంది. రక్తపరీక్షకు సూది గుచ్చినప్పుడు రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయాను. క్లినిక్‌లోనూ అలాగే అవుతుందేమోనని భయం. ఇన్ఫెక్షన్లు అంటుకుంటాయని అమ్మ వద్దంటోంది. వెళ్లొచ్చా? ముందుగా టీకాలేమైనా వేయించుకోవాలా?
- ఓ పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: నిరభ్యంతరంగా వెళ్లొచ్చు. సూది గుచ్చినప్పుడు మీకు జరిగినదాన్ని వేసోవేగల్ సింకోప్ అంటాం. రక్తమో సూదో కంటపడగానే గుండె వేగం కాస్త పెరిగి, వెంటనే బాగా తగ్గిపోతుంది. కాళ్లలోని రక్తనాళాలు వదులై రక్తం కిందే నిలిచిపోతుంది. బీపీ పడిపోయి కొద్ది సెకన్లు మెదడుకు రక్తం చాలదు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తితే చాలావరకు నిమిషంలోపే తేరుకుంటారు. కుక్కనో పామునో చూసి భయపడితే బీపీ పెరుగుతుంది, రక్తం విషయంలో మాత్రం చివరికి పడిపోతుంది. అందుకే ‘ఒళ్లు వదులు చేసి హాయిగా కూర్చో’ అనే సలహా మీకు పనికిరాదు. మీరు కండరాలు బిగించాలి.

దీన్ని 1980ల్లో స్వీడన్ మనస్తత్వ నిపుణుడు లార్స్ గోరాన్ ఓస్ట్ ఒక పద్ధతిగా తీర్చిదిద్ది పరీక్షించారు. కుర్చీలో కూర్చుని పిడికిళ్లు, చేతులు, పొట్ట, తొడలు, పిక్కలు ఒకేసారి బిగించండి. 10-15 సెకన్లలో ముఖం వెచ్చబడినట్లు తెలుస్తుంది. అప్పుడు వదిలి 20-30 సెకన్లు ఆగి మళ్లీ బిగించండి. ఇలా ఐదుసార్లు చేస్తే ఒక విడత. రోజుకు మూడు నాలుగు విడతలు ఇవాళే మొదలుపెడితే మూడు వారాల్లో ఒంటికి అలవాటవుతుంది. ఎక్కువమంది చేసే తప్పులు రెండు. బిగించేటప్పుడు ఊపిరి కూడా బిగబడతారు. దాంతో గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గి, ఉన్న బీపీ కూడా పడిపోతుంది. వదిలేటప్పుడు ఒళ్లంతా జారగిలబడిపోతారు. అలా కాకుండా మామూలుగా కూర్చునే స్థితికి వస్తే చాలు. రెండో వారం నుంచి ఫోన్‌లో పళ్ల చికిత్స వీడియోలు చూస్తూ ఇదే చేయండి. ముందు సిమెంట్ నింపేవి, తర్వాత ఇంజెక్షన్, చివరికి పన్ను తీసేవి చూడండి.

ఈలోగా సీబీపీ (రక్తకణాల పరీక్ష), ఒక ఈసీజీ చేయించండి. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువుంటే అది రక్తహీనతే. కళ్లు తిరగడాన్ని ఇంకాస్త సులువు చేస్తుంది. పరుగెత్తేటప్పుడో పడుకుని ఉండగానో స్పృహ తప్పినా, ముందు గుండె దడదడలాడినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినా క్లినిక్ సంగతి పక్కనబెట్టి ముందు కార్డియాలజిస్టును కలవండి. ‘టెన్షన్ తగ్గడానికి’ ఎవరో ఇచ్చిన ప్రొప్రనొలాల్ మాత్ర వేసుకుని వెళ్లొద్దు. అది గుండె వేగాన్ని, బీపీని ఇంకా తగ్గిస్తుంది.

వెళ్లే రోజు ఖాళీ కడుపుతో బయల్దేరొద్దు. మన విశాఖ ఉక్కపోతలో గాజువాక నుంచి బస్సులో నిలబడి వచ్చేసరికే ఒంట్లో నీరు, ఉప్పు చెమటగా పోతాయి. అరగంట ముందే చేరుకుని చల్లబడండి. లోపలికి వెళ్లడానికి పది పదిహేను నిమిషాల ముందు అర లీటరు నీళ్లు తాగండి. ఇది బీపీని కొంతసేపు నిలబెడుతుంది.

మొదటి రోజు ఏ కేసులు చూడాలన్నది డాక్టరుగారితో ముందే మాట్లాడుకోండి. క్లీనింగ్ (స్కేలింగ్) చిన్న పనే కదా, దాంతో మొదలుపెడదాం అనుకుంటారు. నిజానికి చిగుళ్లు వాచినవారికి స్కేలింగ్ చేస్తుంటే సక్షన్ గొట్టంలో ఎర్రటి నీళ్లు ఆగకుండా పోతూనే ఉంటాయి. మీలాంటి వారికి అదే గడ్డు పరీక్ష. రూట్ కెనాల్ పేరు వింటే భయం గానీ, రబ్బరు డ్యామ్ (పన్ను ఒక్కటే బయటికి కనిపించేలా కప్పే రబ్బరు పొర) వేసి చేస్తే రక్తం దాదాపు కనిపించదు. కాబట్టి ఈ వరుసలో చూడండి: ముందు ఫిల్లింగులు, పంటి అచ్చు తీయడం, క్యాప్ అతికించడం, ఆ తర్వాత రూట్ కెనాల్, స్కేలింగ్, చివర్లో పన్ను తీయడం. జ్ఞానదంతం ఆపరేషన్ ఈ వారానికి వద్దు. వాసనలతోనూ కొందరికి తిప్పుతుంది. లవంగనూనె ఫర్వాలేదు, కట్టుడు పళ్లకు వాడే యాక్రిలిక్ ద్రవం వాసన ఘాటుగా ఉంటుంది.

స్టూల్ అడిగి కూర్చుని చూడండి. నిలబడాల్సి వస్తే మోకాళ్లు బిగుసుకునేలా కదలకుండా ఉండొద్దు. పాదాలు మారుస్తూ పిక్కలు కదిలించండి. అసిస్టెంట్ వెనక ఉంటే మంచిది. రోగి ఛాతీ మీదుగా డాక్టరుకు, అసిస్టెంట్‌కు మధ్య సూదులు, పరికరాలు చేతులు మారుతుంటాయి, ఆ దారికి అడ్డు రావొద్దు. ఆవలింతలు, చల్లని చెమట, కడుపులో తిప్పడం, మాటలు దూరం నుంచి వినిపించడం.. వీటిలో ఏది మొదలైనా మొహమాటపడకుండా బయటికొచ్చి నేల మీదే పడుకోండి. ఓర్చుకుని నిలబడితే మీరు పడేది ఎయిరోటర్ (పన్ను తొలిచే యంత్రం) పట్టుకున్న డాక్టరు మోచేతి మీద. నిమిషానికి మూడు లక్షలసార్లకు పైగా తిరిగే దాని మొన (బర్) అప్పుడు రోగి నోట్లో ఉంటుంది. స్పృహ తప్పితే నోట్లో నీళ్లు పోయొద్దని అసిస్టెంట్‌కు ముందే చెప్పి ఉంచండి.

ఇక అమ్మగారి భయం గురించి. ఎయిరోటర్, స్కేలర్ నడుస్తున్నప్పుడు ఉమ్మి, రక్తం కలిసిన తుంపర గాల్లోకి లేస్తుంది. ఎన్95 మాస్కు, పక్కలు కూడా మూసే కళ్లద్దాలు పెట్టుకోండి. చూపు కోసం వాడే కళ్లజోడు చాలదు. ముందు మూసి ఉన్న బూట్లు, ముడేసిన జుట్టు, కత్తిరించిన గోళ్లు. చున్నీ వద్దు, స్టూల్ చక్రాల్లో పడుతుంది. ఫిల్లింగ్ గట్టిపడటానికి వేసే నీలి కాంతిని నేరుగా చూడొద్దు. ఎక్స్‌రే తీసేటప్పుడు గదిలోంచి బయటికి వచ్చేయండి.

టీకాల్లో ముఖ్యమైనది హెపటైటిస్ బి. ఎండిన రక్తపు మరకలోనూ ఈ వైరస్ కనీసం ఏడు రోజులు బతుకుతుంది. ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో ఇది 2002-03లో కొన్నిచోట్ల మొదలై, 2011లో దేశమంతటికీ వచ్చింది. కాబట్టి మీ వయసువారిలో కొందరికి వేసి ఉండొచ్చు, కొందరికి లేకపోవచ్చు. చిన్నప్పటి టీకా కార్డు వెతకండి. మూడు డోసులూ పడి ఉంటే టీకాతో వచ్చిన రక్షణ ఎంతుందో చెప్పే యాంటీ హెచ్‌బీఎస్ రక్తపరీక్ష చేయించండి. 10 యూనిట్లు, అంతకు మించి ఉంటే రక్షణ ఉన్నట్లే. చిన్నప్పుడు వేయించుకున్నవారికి ఈ వయసుకు తగ్గి కనిపించడం మామూలే. అప్పుడు ఒక డోసు వేసి, నెల రెండు నెలల తర్వాత మళ్లీ చూస్తాం. అసలు వేయకపోతే ఇప్పుడొకటి, నెల తర్వాత రెండోది, ఆరో నెలలో మూడోది. మూడు వారాల్లో పూర్తి రక్షణ రాదు. అయినా ఏదీ ముట్టుకోకుండా చూడటానికి అది అడ్డు కాదు. పదహారో ఏట వేసే టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకా తప్పిపోతే అదీ వేయించుకోండి.

గ్లోవ్స్ ఇచ్చినా ట్రే సర్దడం, సూదికి మూత పెట్టడం మీ పని కాదు. ఎలాగో సూది గుచ్చుకుంటే నొక్కి రక్తం పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, స్పిరిట్ పోయొద్దు. సబ్బుతో, పారే నీళ్లతో కడగండి. కంట్లో చిందితే మంచినీళ్లతో కడుగుతూ ఉండండి. కాంటాక్ట్ లెన్స్ ఉంటే ముందు అది కంట్లో ఉండగానే కడిగి, తర్వాత తీసి మళ్లీ కడగాలి. వెంటనే డాక్టరుకు చెప్పి కేజీహెచ్ క్యాజువాలిటీకి వెళ్లండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు వీలైతే రెండు గంటల్లోపు మొదలవ్వాలి, 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు. అవసరమని తేలితే 28 రోజులు వాడాలి. హెపటైటిస్ బి టీకా పడనివారికి అప్పుడే టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణనిచ్చే సిద్ధ యాంటీబాడీలు) కూడా ఇస్తారు.

ప్రతి రోగినీ డాక్టరుగారే అడిగి, వారు సరేనన్నాకే మీరు గదిలో ఉండాలి. ఫోన్ బయటే పెట్టండి. మొదటి రోజు అమ్మగారిని కూడా తీసుకెళ్లి, పరికరాలు ఆటోక్లేవ్ చేసిన (వేడి ఆవిరితో క్రిములు చంపిన) కవర్లు రోగి ముందే విప్పుతున్నారా, వాడిన సూదులు వేసే గట్టి తెల్ల డబ్బా కుర్చీ దగ్గరే ఉందా చూసుకోమనండి. ఆ రెండూ లేని క్లినిక్ అయితే ఆమె వద్దనడమే సరైనది.