తల ఊపి వచ్చెయ్యకు, అమ్మలూ

అమ్మలూ,

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగమని, జర్మనీ వాళ్ల ప్రాజెక్టని మీ అమ్మ చెప్పగానే మా అపార్ట్‌మెంట్‌లో అందరికీ చెప్పేశాను. రాత్రికి టెన్షన్ పట్టుకుంది. నీ కోడింగ్ మీద నాకు బెంగ లేదు. తల ఊపే నీ అలవాటు మీదే. మీ నాన్న కేకలేస్తే తల దించుకుని ఊపుతావు. ఒప్పుకున్నావో, ఇక ఆపమంటున్నావో ఇంట్లో మాకే తెలిసి చావదు. స్క్రీన్ అవతల మనిషికేం తెలుస్తుంది?

కాల్‌కి రెండు నిమిషాల ముందే కూర్చో. మార్చి, అక్టోబరు చివరి ఆదివారాల్లో వాళ్లు గడియారం మారుస్తారు. మనకూ వాళ్లకూ వేసవిలో మూడున్నర గంటల తేడా, చలికాలంలో నాలుగున్నర. ఆ సోమవారాలు టైం సరిచూసుకో. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఫోన్ బోర్లా పెట్టు.

నేను పనిచేసిన ఒక ఆఫీసులో నెల్లూరు కుర్రాడు ఉండేవాడు. పనిమంతుడు. ఒక మంగళవారం కాల్‌లో జర్మన్ ఇంజనీరు, "శుక్రవారానికి టెస్టింగ్ అయిపోతుందా?" అని అడిగాడు. వీడు ముందు మేనేజర్ వైపు చూశాడు. పెన్ను మూత తీస్తూ పెడుతూ "యెస్" అన్నాడు. అవదని వాడికి తెలుసు. పెద్దాయన ముందు కాదనలేకపోయాడు. శుక్రవారం టెస్టింగ్ కాలేదు. అక్కడ వాళ్లు రిలీజ్ కోసం శనివారం పనికి మనుషుల్ని పిలిపించుకున్నారు. ఆలస్యమైనందుకు వాళ్లు అంత కోప్పడలేదు. మంగళవారమే తెలిసి ఎందుకు చెప్పలేదన్నారు. మేనేజర్ తప్పంతా వాడి మీదే వేశాడు. వాడు తర్వాత మీటింగుల్లో నోరు విప్పలేదు, కొన్నాళ్లకి మానేశాడు. వాడి ముఖం గుర్తొస్తే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. అందుకే నిన్నింత సతాయిస్తున్నాను.

అవదని తెలిస్తే మీటింగ్‌కి ముందే మీ లీడ్‌కి విడిగా చెప్పు, నలుగురిలో ఆయన్ని ఇబ్బంది పెట్టకు. కాల్‌లో అడిగితే "రెండు టెస్టులు శుక్రవారానికి, మూడోది సోమవారం" అని తేదీతో చెప్పు. విన్నది నీ మాటల్లో తిరిగి చెప్పి, "ఇదేనా?" అని అడుగు. మనం తల పక్కలకి ఊపితే అవునో కాదో వాళ్లకి అంతుపట్టదు, నోటితో కూడా అను. వాళ్లలో కొందరు "ఇది తప్పు" అని మొహమాటం లేకుండా అంటారు. అది నీ కోడ్ గురించి, తల్లీ, నీ గురించి కాదు. బాత్రూంలోకి వెళ్లి ఏడవకు.

ట్రైనింగ్‌లో ఎవరో ఒకరు, మాటల విలువ ఏడు శాతమే, గొంతు ముప్పై ఎనిమిది, ముఖం యాభై ఐదు అంటారు. 1967లో మెహ్రాబియన్ అనే మనస్తత్వవేత్త చేసిన ఆ ప్రయోగాలు ఇష్టాయిష్టాల గురించి, మాటకీ గొంతుకీ ముఖానికీ పొంతన కుదరనప్పటి సంగతి. డెడ్‌లైన్ చెప్పడానికి మాటలే కావాలి.

ఇంకొకటి. మారతహళ్లి పీజీలో చుట్టూ మనవాళ్లే ఉంటారు. ఆఫీసులో భోజనాల దగ్గర కన్నడ అమ్మాయి పక్కన కూర్చుంటే అందరూ తెలుగులో పకపకా నవ్వుకోకండి, తన గురించేననుకుంటుంది. సెక్యూరిటీ వాళ్లతో, ఆటో వాళ్లతో కాస్త కన్నడం నేర్చుకుని మాట్లాడు.

ఏ మీటింగ్‌లోనైనా అర్థంకాక తల ఊపి వచ్చేశావా, ఆ సాయంత్రమే నాకు ఫోన్ చెయ్యి. ఏ వేళైనా సరే. వాళ్లకి పంపాల్సిన మెయిల్ ఇద్దరం కూర్చుని రాద్దాం.

మీ పెద్దమ్మ