ఇంటర్ ముగించిన అమ్మాయికి విదేశయాత్ర

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. ఇంటర్ పూర్తయితే విదేశానికి తీసుకువెళతానని మాట ఇచ్చాను. తక్కువ ఖర్చులో తల్లీకూతుళ్లం ఎక్కడికి వెళ్లగలం?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: ముందుగా పాస్‌పోర్టు చూడండి. మైనర్ల పాస్‌పోర్టు సాధారణంగా అయిదేళ్లకో, 18 ఏళ్లు నిండేసరికో, ఏది ముందైతే అప్పటికి గడువు తీరుతుంది. అయితే 15 ఏళ్లు దాటినవారు పదేళ్ల పాస్‌పోర్టు కోరవచ్చు కనుక, కొత్తగా తీయించవలసివస్తే మర్రిపాలెం కార్యాలయ పరిధిలో దానికే దరఖాస్తు చేయడం మేలు. రేపు పైచదువులకూ పనికివస్తుంది.

ఇక దేశం సంగతి. నా ఓటు మలేషియాకే. 2026 డిసెంబరు 31 వరకు భారతీయులు 30 రోజుల లోపు పర్యటనకు వీసా లేకుండా వెళ్లవచ్చు. చేరడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపే డిజిటల్ అరైవల్ కార్డు మాత్రం మరువకండి. కౌలాలంపూర్‌లో కేఎల్ సెంట్రల్ స్టేషన్ నుంచి లోకల్ రైలెక్కితే బాటు గుహల ముంగిటే దిగుతారు. అక్కడి 272 మెట్లెక్కి సుబ్రహ్మణ్యస్వామిని దర్శించుకోవడానికి టికెట్టు లేదు. (మోకాళ్ల నొప్పులుంటే అమ్మాయినే ఎక్కనివ్వండి!)

చవక విమాన టికెట్టులో చెకిన్ సామానుకు, భోజనానికి వేరుగా వసూలు చేస్తారు కాబట్టి అన్నీ కలుపుకున్న మొత్తాన్నే పోల్చండి. ప్యాకేజీ కొంటే అదనంగా పట్టే టీసీఎస్‌ను (అమ్మేవారు మీ దగ్గర వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను) మీ ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. ఏజెంటు దగ్గర రసీదు తప్పక తీసుకోండి.