ఇంజను వాటా ఎటు పోయింది?

ప్రశ్న: మాది కాకినాడ జిల్లా ఉప్పాడ. నాకూ మా బావమరిదికీ కలిపి ఒక ఫైబర్ బోటు ఉంది. ఏడేళ్లుగా వాడుతున్న 9.9 హెచ్‌పీ ఇంజను వేట నిషేధానికి ముందే మొరాయించింది. మరమ్మతుకు మెకానిక్ 45,000 రూపాయలు అంటున్నాడు. అంత పెట్టేకంటే 25 హెచ్‌పీ కొత్త ఇంజను కొందామనుకుంటున్నాం. చేపలు కొనే వ్యాపారి 2.5 లక్షలు ఇస్తానన్నారు. వడ్డీ నూటికి మూడు రూపాయలు. బాకీ తీరేదాకా చేపలన్నీ ఆయనకే, కిలోకు 10 రూపాయలు తక్కువకు ఇవ్వాలి. బయానాగా 10,000 తీసుకుని ఖాళీ నోటు మీద సంతకం చేశాను. నిషేధ కాలపు ప్రభుత్వ సాయం 20,000 చేతిలో ఉంది. ఇంట్లో 6 కాసుల బంగారం ఉంది. ఏ ఇంజను కొనమంటారు?

జవాబు: ఖాళీ నోటు మీద సంతకం చేసి, ఆ తర్వాత సలహా అడుగుతున్నారు!

ముందు లెక్క చూడండి. 2.5 లక్షలకు నెలకు 7,500 చొప్పున ఏడాదికి 90,000 వడ్డీ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు బోటు ఒడ్డునే ఉంటుంది, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఇక చేపల ధర. నెలకు 20 రోజుల వేట, రోజుకు 30 కిలోలు అనుకుంటే, తగ్గించి ఇచ్చేది నెలకు 6,000, పది నెలలకు 60,000. మొత్తం లక్షన్నర. అంటే మీరు కడుతున్నది నూటికి ఐదు రూపాయల వడ్డీ. అసలు అలాగే ఉంటుంది. ఇది అప్పు కాదు, మీ బోటును ఆయనకు కౌలుకు ఇవ్వడం.

మీ ఉత్తరాన్నే ఎంచుకోవడానికి కారణం వేరే ఉంది. వేట డబ్బులు పంచుకునేటప్పుడు మనుషుల వాటాలతో పాటు బోటుకూ ఇంజనుకూ వాటా తీస్తారు కదా. ఏడేళ్ల ఇంజను వాటా ఎటు పోయింది? ఇంటి ఖర్చుల్లో కలిసిపోయి ఉంటుంది. వేటకు 150 రూపాయలు పక్కన పెట్టినా, ఏడాదికి 200 వేటలకు 30,000, ఏడేళ్లకు 2,10,000 ఉండేవి. ఇంజను పాడవడం అనుకోని ఆపద కాదు. ఉప్పునీటిలో తిరిగే యంత్రం ఏదో ఒకరోజు ఆగుతుందని మీకు నాకంటే బాగా తెలుసు. ఆటో నడిపేవారు, బోరు మోటారు మీద సేద్యం చేసేవారు కూడా సరిగ్గా ఇదే తప్పు చేసి నాకు రాస్తుంటారు.

కాబట్టి మరమ్మతే చేయించండి. డబ్బు కట్టేముందు సిలిండర్లలో కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) చూపించమనండి. లోపలి నీటి దారులు ఉప్పుకు తినేసి ఉంటే మాత్రం ఆ 45,000 దండగ. అప్పుడు అదే 9.9 హెచ్‌పీలో కొత్తది, బ్యాంకు టర్మ్ లోన్ (వాయిదాల్లో తీర్చే అప్పు) మీద. పెద్ద ఇంజను ఆలోచన మానుకోండి. మీ బోటు వెనక పలక ఆ బరువుకు కట్టింది కాదు, పెట్రోలు ఖర్చూ పెరుగుతుంది.

45,000 కోసం రెండు కాసుల బంగారం బ్యాంకులో పెడితే చాలు. వడ్డీ నూటికి నెలకు రూపాయి లోపే, అంటే 450 దాటదు. బంగారం మీ ఇంటిది కాబట్టి సగం బాకీ మీ బావమరిది పేరున కాగితం మీద రాసుకోండి. ఆ 20,000 జోలికి వెళ్లకండి. అది జూన్ 14 వరకు బియ్యానికీ పప్పుకూ.

వేట మొదలైన రోజు నుంచే ఇంజను వాటా విడిగా తీసి, ఇద్దరి సంతకాలు ఉంటేనే డబ్బు వచ్చే ఖాతాలో వేయండి. పంపకానికి ముందే తీయాలి. మిగిలితే వేద్దామనుకుంటే ఏమీ మిగలదు. వారానికోసారి వేసినా సరే. ఇది కాక, మీ ఇంటికి మూడు నెలల ఖర్చు వేరే ఉండాలి. రెండు నెలలు నిషేధానికి, ఒక నెల తుపాన్లకు. అది పోగయ్యేదాకా కొత్త వలలు, కొత్త ఫోన్లు వద్దు.

బీమాను నమ్ముకోకండి, అరిగిపోయిన ఇంజనుకు బీమా డబ్బు ఇవ్వదు. మత్స్యకారుల సామూహిక ప్రమాద బీమాలో మీ ఇద్దరి పేర్లు ఉన్నాయో లేదో మాత్రం మత్స్యశాఖ కార్యాలయంలో చూసుకోండి. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 5 లక్షలు వస్తాయి.

ఆ 10,000 ఖర్చు కాకముందే, రేపే, ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వెళ్లి తిరిగి ఇచ్చేయండి. నోటు చేతికి వచ్చాకే అక్కడి నుంచి కదలండి.